బురద మడుగులో పచ్చని దొంగ

కెనడాలోని నోవా స్కోషియా నుంచి అమెరికాలోని ఫ్లోరిడా దాకా తీరం వెంబడి ఉప్పునీటి చిత్తడి నేలలు కనిపిస్తాయి. పోటుకు సముద్రం లోపలికి వచ్చి ఆటుకు వెనక్కి పోతే, లోతులేని మడుగులు మిగులుతాయి. వాన పడితే ఆ నీళ్లు చప్పబడతాయి, ఎండ కాస్తే ఉప్పు పెరుగుతుంది. చాలా సముద్రజీవులకు ఇక్కడ బతకడం కష్టం. ఎలీసియా క్లోరోటికా మాత్రం అక్కడే కాపురం పెట్టింది.

ఇది గుల్ల లేని నత్త. పొడవు సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు. రెండువైపులా ఉన్న మడతలు విప్పుకుని పడుకుంటే ఈనెలతో సహా అచ్చం ఆకే. ఆ ఈనెలు నిజానికి ఒళ్లంతా కొమ్మలుగా చీలిన జీర్ణనాళాలు.

దాని తిండి వౌకేరియా లిటోరియా అనే నాచు. ఈ నాచు పోగుల్లో అడ్డగోడలుండవు. అందుకే నత్త పంటితో ఒకచోట బెజ్జం పెడితే చాలు, లోపలిదంతా జుర్రుకోవచ్చు. మిగతాది అరిగించుకుని, కిరణజన్య సంయోగక్రియ జరిపే క్లోరోప్లాస్టులను మాత్రం జీర్ణనాళాల కణాల్లో దాచుకుంటుంది. గోధుమరంగు ఒంటి మీద ఎర్రచుక్కలున్న పిల్లనత్త, ఈ తిండి మొదలయ్యాకే పచ్చబడుతుంది. ప్రయోగశాలలో వెలుతురు తప్ప మరేమీ పెట్టకపోయినా తొమ్మిది పది నెలలు బతికిన నత్తలున్నాయి.

అందుకే దీనికి ఎండ తిని బతికే జంతువని పేరొచ్చింది. నాకైతే ఆ మాట కాస్త అతిశయం అనిపిస్తుంది. క్లోరోప్లాస్టుకు కావలసిన ప్రోటీన్లలో చాలావాటి జన్యువులు నాచు కేంద్రకంలో ఉంటాయి, నత్త ఆ కేంద్రకాన్ని దాచుకోదు. మరి రిపేర్లు ఎవరు చేస్తున్నట్టు? నాచు జన్యువొకటి నత్త డీఎన్‌ఏలోకి చేరిందని 2008లో ఒక బృందం ప్రకటిస్తే పెద్ద సంచలనమే అయింది. 2013లో నత్త గుడ్ల డీఎన్‌ఏను వెతికిన మరో బృందానికి అలాంటి ఆధారం దొరకలేదు. ఆ మరుసటి ఏడాది, ఇలాగే క్లోరోప్లాస్టులు దాచుకునే వేరే రెండు జాతులను తిండి లేకుండా చీకట్లో ఉంచితే, అవీ వారాల తరబడి బతికే ఉన్నాయి. అంటే ఆ క్లోరోప్లాస్టులు కొంతవరకు నిల్వ తిండిగానూ పనికొస్తుండవచ్చు. పైగా వౌకేరియా క్లోరోప్లాస్టులు స్వతహాగా గట్టివి, కణం బయట కూడా ఓ పట్టాన పాడవవు.

వసంతంలో గుడ్లు పెట్టాక పెద్ద నత్తలు చనిపోతాయి. క్లోరోప్లాస్టులు గుడ్లలోకి చేరవు. చిన్న గుల్లతో పుట్టిన లార్వాలు కొన్నాళ్లు నీళ్లలో ఈదుతూ తిరుగుతాయి. వౌకేరియా తగిలితేనే ఆ గుల్ల వదిలేసి నత్తలుగా మారతాయి.