లెక్చరర్ ఉద్యోగం ఇంకా ఉంటుందా అని అడిగిన పిల్లలకు

పిల్లలూ,

"పాఠాలన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి, ఫోన్లో ఏఐని ఏదడిగినా చెప్తోంది, ఇంక ఎంటెక్ చేసి ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరడం తెలివైన పనేనా తాతా?" అని మీలో ఇద్దరు ముగ్గురు అడిగారు. ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదని ఇలా రాస్తున్నాను. అనంతపురంలో సివిల్ పిల్లలకు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, అంటే బరువు పడితే వస్తువులు ఎంత ఓర్చుకుంటాయనే పాఠం, చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి నా మాటల్లో బీములు, బండలు ఎక్కువ దొర్లుతాయి, ఓపిక పట్టండి.

ఈ ప్రశ్న మీ అమ్మానాన్నల కంటే పాతది. 1975 ఆగస్టులో మన దేశం సైట్ అనే ప్రయోగం మొదలుపెట్టింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు అడిగి తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. మన రాష్ట్రంలో ఎంచుకున్న జిల్లాల్లో కర్నూలు కూడా ఉంది. కరెంటే సరిగా ఉండని ఊళ్ళలో కోళ్ళ గూటికి వాడే వల లాంటి తీగతో పది అడుగుల యాంటెన్నా నిలబెట్టి, పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్ళకు తెలుగులో కార్యక్రమాలు చూపించారు. అప్పట్లో అది ఎంత పెద్ద సాహసమో మీరు ఊహించలేరు. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని వాళ్ళు తిరిగి తీసుకున్నారు, బళ్ళలో అయ్యవార్లు మాత్రం అలాగే ఉన్నారు. తర్వాత 1984 ఆగస్టు 15న యూనివర్సిటీల వ్యవహారాలు చూసే యూజీసీ వాళ్ళు దూరదర్శన్‌లో కాలేజీ పిల్లల కోసం పాఠాలు మొదలుపెట్టారు. 2004లో చదువు కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి పంపారు. ఆ ముందు ఏడాదే, 2003లో, ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ అనే ఇంటర్నెట్ వీడియో పాఠాలు మొదలుపెట్టాయి. ఒక్కోటి వచ్చినప్పుడల్లా స్టాఫ్ రూములో "మన పని అయిపోయినట్టే" అనే మాట వినపడేది, దాని వెనకే టీ వచ్చేది.

అందుకని నాకు కొత్త యంత్రం అంటే భయం లేదు, మోజూ లేదు. దేన్ని చూసినా ఒకటే అడుగుతాను, ఇది ఎవరి పని తగ్గిస్తోంది అని. లెక్చరర్ రోజూ చేసే వట్టి చాకిరీని తగ్గిస్తే దాన్ని నెత్తిన పెట్టుకోండి, పిల్లవాడు బుర్ర పెట్టాల్సిన చోట వాడి బదులు అదే ఆలోచించేస్తుంటే మాత్రం అది ఎంత ఖరీదైనదైనా క్లాసు బయటే ఉంచండి.

పీపీటీ సంగతే తీసుకోండి. బోర్డు మీద బెండింగ్ సూత్రం, అంటే బీము వంగడానికి సంబంధించిన లెక్క, రాబట్టాలంటే చాక్‌పీసుతో అరగంట పడుతుంది. ఆ అరగంటలో నేను రాస్తూ ఉంటే పిల్లలూ రాసుకుంటారు, చెయ్యి ఆగినచోట బుర్ర కూడా ఆగుతుంది, "సార్, ఆ మైనస్ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అడుగుతారు. అదే సూత్రం పీపీటీలో ఐదు నిమిషాల్లో అయిపోతుంది, అన్నీ వరసగా తళతళా మెరుస్తాయి, అందరికీ అర్థమైనట్టే ఉంటుంది, మిడ్ పరీక్షలో తెల్ల పేపరు వస్తుంది. ఓహెచ్‌పీ అనే పాత ప్రొజెక్టరు మీద ట్రాన్స్‌పరెన్సీ షీట్లు పెట్టిన రోజుల్లోనూ ఇదే కథ. అలాగని ప్రొజెక్టరు దండగ అనను. డ్యాంను అడ్డంగా కోస్తే లోపల ఎలా ఉంటుందో చూపే పటం, కూలిన వంతెన ఫొటో, బరువు ఒక కొస నుంచి ఇంకో కొసకు జరుగుతుంటే బెండింగ్ మూమెంట్, అంటే బీమును వంచే ప్రభావం, ఎలా మారుతుందో చూపే బొమ్మ, ఇవి చాక్‌పీసుతో నేను జన్మలో గీయలేను.

మన కడప బండనే చూడండి. రెండు దిమ్మెల మీద బండ పరిచి ఇంటి ముందు కూర్చోడానికి వేసుకుంటాం కదా. దాని మీద మరీ బరువు పడితే పగులు ఎక్కడ మొదలవుతుంది? క్లాసులో ఇది అడిగితే చాలామంది "పైన సార్, బరువు పైనే కదా పడింది" అంటారు. పగిలేది కింద వైపు, నడుమ. బండ వంగినప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది, రాయి నొక్కుడుకు ఓర్చుకున్నంతగా లాగుడుకు ఓర్చుకోదు. కాంక్రీటుదీ అదే తీరు, అందుకే బీములో ఇనప కడ్డీలు కింద వైపు వేస్తారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. బండ మందం అదే, పొడవునా మీటరుకు పడే బరువూ అంతే, దిమ్మెల మధ్య దూరం మాత్రం రెండింతలు చేశాం, అది కిందికి ఎంత ఎక్కువ వంగుతుంది? "రెండింతలు" అని కొందరు, "నాలుగింతలు" అని తెలివిగలవాళ్ళు అంటారు. పదహారింతలు వంగుతుంది, ఎందుకంటే వంపు దూరానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మూమెంట్ అయితే నాలుగింతలు.

ఈ జవాబులు నేనే చెప్పేస్తే అది లెక్చరు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1990ల మొదట్లో ఇంకో పద్ధతి పట్టుకున్నాడు. ప్రశ్న వేసి ముందు ఎవరికి వాళ్ళను జవాబు ఎంచుకోమంటాడు, తర్వాత పక్కవాడితో వాదించి ఒప్పించమంటాడు, మళ్ళీ చేతులెత్తమంటాడు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, ఎ బి సి డి అని రాసిన నాలుగు అట్టముక్కలు చాలు. కాలేజీకి లక్షల సామాను వచ్చి పడినా, అరవై మంది ఉన్న క్లాసులో నిద్ర వదిలించింది నాకు ఈ అట్టముక్కలే.

వీడియో పాఠానికి ఒక గొప్ప గుణం ఉంది, దాన్ని మాస్టార్లు సులభంగా ఒప్పుకోరు. దాన్ని ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. పత్తికొండ నుంచో మడకశిర నుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లకు ఇంగ్లీషు లెక్చరు మొదటి ఏడాదంతా వానలా పైన కురిసి పోతుంది. అడగడానికి సిగ్గు. అలాంటి పిల్ల రాత్రి హాస్టల్లో ఒకే పాఠాన్ని ఎన్నిసార్లు తిప్పుకుని చూసినా విసుక్కునేవాళ్ళు ఉండరు. ఎన్‌పీటెల్ పాఠాలు కొన్ని తెలుగులోకీ వచ్చాయి, వాడుకోండి. కరోనాలో మాత్రం ఆన్‌లైన్ క్లాసుల్లో మేమంతా కెమెరాలు ఆపేసిన నల్లటి గళ్ళ వైపు చూస్తూ మాట్లాడాం, అవతల పిల్లలు సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి ఎండలో కూర్చున్నారు. అర్థం కాని మొహం కనపడకపోతే పాఠం ఎక్కడ ఆపాలో తెలియదని నాకు తెలుసు, కానీ అంత ఘోరంగా తెలియదని అప్పుడే తెలిసింది.

ఏఐకీ ఇదే లెక్క. అసైన్‌మెంట్ దాని చేత రాయించుకుంటే చదువు దానిది, మార్కులు మీవి, వైవాలో ఏడుపు కూడా మీదే. మీరే చేసిన లెక్కను దానికిచ్చి "జవాబు చెప్పొద్దు, ఎక్కడ తప్పానో అది మాత్రం చూపించు" అనండి, అప్పుడు పనికొస్తుంది. అది కూడా ధీమాగా తప్పు చెప్తుంది, యూనిట్లు సరిచూసుకోండి.

ఇక ఉద్యోగం మాట. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్, ఎంటెక్ ఉండి, రెండింట్లో ఒకదాన్లోనైనా ఫస్ట్ క్లాసు రావాలి. పైకి పోవాలంటే పీహెచ్‌డీ తప్పదు. వారానికి పదహారు గంటల పాఠం అని రూలు, దానికి తయారయ్యే గంటలు ఎవరూ లెక్కపెట్టరు. 2014లో మన దేశం ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ అకార్డ్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం తెచ్చుకున్నాక, పిల్లవాడు ఏం నేర్చుకున్నాడో చూపించాలనే పట్టు పెరిగింది. ఉద్దేశం మంచిదే, చేతికి వచ్చేసరికి సీవో-పీవో (ఒక్కో సబ్జెక్టులో, మొత్తం కోర్సులో పిల్లలు ఏం నేర్చుకోవాలో చెప్పే లక్ష్యాలు) పట్టికలు నింపే ఫైళ్ళయ్యాయి. ప్రైవేటు కాలేజీలు కొన్నింట్లో జీతం నెలనెలా రాదు, అడ్మిషన్ల సీజన్లో ఊళ్ళు తిరిగి పిల్లల్ని పట్టుకురమ్మంటారు. ఇవన్నీ తెలిసే దిగండి. డబ్బు ముఖ్యమైతే సాఫ్ట్‌వేర్ వైపు పోండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

చేరేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో టీచర్ల శిక్షణ కోసం మైక్రోటీచింగ్ అని మొదలైంది. చిన్న పాఠం కొద్దిమందికే చెప్పాలి, దాన్ని రికార్డు చేసి చూసుకోవాలి, మార్చుకుని మళ్ళీ చెప్పాలి. అప్పుడు దానికి పెద్ద కెమెరాలు కావాల్సి వచ్చింది, మీ జేబులో ఇప్పుడే ఉంది. పక్కింట్లో డిప్లొమా చదివే పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టి, ఆ కడప బండ సంగతే ఐదు నిమిషాల్లో చెప్పండి. ఫోను మీ వైపు కాదు, వాళ్ళ మొహాల వైపు పెట్టండి. చూసుకుని, మార్చుకుని, రెండోసారి చెప్పిన వీడియో నాకు పంపండి. ఐదు నిమిషాలు దాటితే మాత్రం చూడను.

మీ తాత