నోరు లేని పట్టుచిలుక గూడు ఎలా విప్పుతుంది?

పలమనేరు వైపు మల్బరీ వేసే ఒక రైతు అడిగారు: "మా పట్టుగూళ్లనే చేత్తో చీల్చలేం. అడవి దసిలి (టసర్) పట్టుగూడు ఇంకా గట్టిది. తిండి తినే నోరే లేని చిలుక దాన్లోంచి ఎట్లా బయటికొస్తుంది సార్?" ఈ మధ్య ఇంత మంచి ప్రశ్న నా దగ్గరికి రాలేదు.

దసిలి చిలుక అంటే దసిలి పట్టుపురుగుకు రెక్కలొచ్చిన రూపం. దానికి పెద్ద రెక్కలు, వాటి మీద కళ్లలాంటి చుక్కలు. ఆ చుక్కలు చూసి అపశకునమంటూ చీపురు తీసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. గొంగళిగా ఉన్నప్పుడు మద్ది ఆకు మేసి దాచుకున్న శక్తితోనే అది కొద్దిరోజులు బతికి, గుడ్లు పెట్టి పోతుంది.

గూటి సంగతికొద్దాం. పట్టుదారంలో ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్ పోగులు రెండుంటాయి. వాటిని అంటించి ఉంచే జిగురు సెరిసిన్. తిరుపతిలో గోడల మీది సినిమా పోస్టర్లు చూడండి. కాగితం ఫైబ్రోయిన్, మైదా జిగురు సెరిసిన్. ఎండిన పోస్టర్‌ను గోళ్లతో గీకితే ముక్కలుగా చిరుగుతుంది. జిగురు నానితే కాగితం చెక్కుచెదరకుండా ఊడొస్తుంది. చిలుక నమ్ముకున్నది ఈ రెండో దారినే. కాకపోతే దసిలి జిగురు ఉత్త నీళ్లకు లొంగదు, ఎంజైమ్ కావాలి.

ఆ ఎంజైమ్ కొకూనేజ్. 1964లో హార్వర్డ్‌లో ఫోటిస్ కఫాటోస్, కారోల్ విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు దీని గుట్టు విప్పారు, దసిలి దగ్గరి బంధువుల్లో. తినడానికి పనికిరాని నోటి భాగాల మీదే ఇది ఊరి, ఎండి, పేరుకుంటుంది! బయటికొచ్చే వేళకు మరో గ్రంథి పొటాషియం బైకార్బనేట్ ద్రవం వదులుతుంది. ఎంజైమ్ అందులో కరిగి గూటి కొనను తడుపుతుంది. మన పేగుల్లోని ట్రిప్సిన్ లాగే కొకూనేజ్ కూడా ప్రోటీన్ గొలుసును లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు (గొలుసులోని పూసల్లాంటివి) ఉన్నచోటే కోస్తుంది. వదులుగా ఉండే సెరిసిన్ దానికి సులువుగా దొరికిపోతుంది. ఫైబ్రోయిన్‌లో అలనీన్ అనే మరో అమైనో ఆమ్లం వరసలు ఎంత బిగుతుగా పేర్చుకుని ఉంటాయంటే ఎంజైమ్ దూరే సందుండదు. అంటే జిగురు కరిగిపోతుంది, కాగితం మిగులుతుంది. చిలుక తలతో నెట్టి, పోగుల్ని పక్కకు జరిపి, నలిగిన తడి రెక్కలతో బయటపడుతుంది.

"గూడు కొరుక్కుని వస్తుంది" అని క్లాసులో చెప్పే టీచర్లు ఇంకా ఉన్నారు. పళ్లే లేనిది ఏం కొరుకుతుంది? దయచేసి ఆ ఒక్క మాట మార్చండి.

ఎరి పట్టుపురుగుకు ఈ తంటా లేదు. గూటిని ఒక కొన తెరిచే అల్లుతుంది.

మల్బరీ గూళ్లను దారం తీసేముందు వేడినీళ్లలో వేసేదీ సెరిసిన్ మెత్తబడాలనే. దసిలికైతే సోడా వేసి ఉడికిస్తారు. ఆ సోడాకు పట్టు సహజమైన రంగు, మెరుపు తగ్గుతాయి. అందుకే ఉడికించే పనిని కొకూనేజ్‌తోనే చేయించాలని మన దేశంలో పరిశోధకులు ప్రయోగాలు చేస్తున్నారు.