ఈగ ఎక్కడ పుట్టింది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పిల్లలూ, తొలకరి పడింది. మామిడిపళ్ళు ఇంకా అయిపోలేదు. పెరట్లో తొక్కలూ టెంకలూ తడిసి కుళ్ళుతుంటాయి. ఏడాది మొత్తంలో ఈగలు ముసిరేది ఈ రోజుల్లోనే. "ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత" అంటూ పెద్దలు ఈగను లేమికి గుర్తుగా చెప్పారు గానీ, ఈగకు కలిమీ లేమీ తెలియవు. తడిచెత్త నాలుగు రోజులు కదలకుండా ఉంటే చాలు, ఎవరి ఇల్లయినా దానికి ఒకటే.

ఈగ కనబడగానే అందరం తువ్వాలు అందుకుంటాం. వంటింట్లో పది ఈగల్ని కొడితే సాయంత్రానికి మళ్ళీ పది వస్తాయి. మన కంటికి కనబడేవి కొన్నే. మిగతావి గుడ్లుగా, పురుగులుగా, ప్యూపాలుగా ఎక్కడో తడిలో దాగి ఉంటాయి. అందుకని ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ చోటు వెతకడం గురించే.

ముందు రోజుల లెక్క తెలుసుకోండి. ఆడ ఈగ ఒక్క విడతకు వంద నుంచి నూట యాభై దాకా గుడ్లు పెడుతుంది. తన జీవితంలో ఇలా నాలుగైదు విడతలు పెట్టగలదు. గుడ్డు పొడవు ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, తెల్లగా సన్నటి నూకలా ఉంటుంది. మన వేడికి ఒక్క రోజులోపే పొదిగి తెల్ల పురుగులు బయటికొస్తాయి. అవి నాలుగైదు రోజులు ఆగకుండా తిని అర అంగుళం దాకా పెరుగుతాయి. తర్వాత తడి వదిలి, పక్కనున్న పొడి మట్టిలోకో చెత్తబుట్ట అడుగుకో పాకి, గోధుమ రంగు గింజలా గట్టిపడతాయి. అదే ప్యూపా. మరో నాలుగైదు రోజులకు దాన్ని పగలగొట్టుకుని ఈగ వస్తుంది. అంతా కలిపి పది రోజులు, బాగా వేడిగా ఉంటే వారం. చెత్త ఏ చోటా మూడు రోజులకు మించి నిలవకుండా చూస్తే పురుగు ఈగ అయ్యేలోపే దాని దారి తెగిపోతుంది. మొత్తం వైద్యంలో ముఖ్యమైనది ఇదే.

"చెత్తబండికి రోజూ ఇచ్చేస్తున్నాంగా, అయినా ఈగలెందుకు?" అని అమ్మ అడగవచ్చు. అప్పుడు మీరు తడిచెత్త బకెట్‌లోని కవరు పైకెత్తి అడుగు చూడండి. చిరిగిన కవరులోంచి కారిన రసం, రెండు చెంచాల మేర, ఒక మూల నిలిచి ఉంటుంది. దానిలో నాలుగు టీ పొడి పలుకులు, ఒక టమాటా తొక్క. ఒక విడత గుడ్లకు అదే ఎక్కువ. బకెట్ అంచు మడతలోనూ, మూత లోపలివైపూ వేలితో తడిమితే జిగురు తగులుతుంది. అక్కడా గుడ్లు పెడతాయి. మూడు రోజులకొకసారి ఆ బకెట్‌ను సబ్బు నీళ్ళతో, గట్టి బ్రష్షుతో కడిగి ఎండలో బోర్లించండి. ఆరాక అడుగున రెండు పొరల వార్తాపత్రిక పరిచి, ఆపైన చెత్త వేయండి. కాగితం రసాన్ని పీల్చుకుంటుంది. పురుగులు అప్పటికే పట్టి ఉంటే పెద్దవాళ్ళ చేత మరిగే నీళ్ళు పోయించండి. ఫినాయిల్ చల్లితే వాసన మారుతుంది గానీ అడుగున ఉన్న పురుగులు చావవు. ఇంకో మాట: బ్లీచింగ్ పౌడరును టాయిలెట్ కడిగే యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

పశువులున్న ఇళ్ళలో చోటు వేరు. పెంటకుప్ప లోపల వేడిగా ఉంటుంది, అక్కడ పురుగు బతకదు. పై మూడు నాలుగు అంగుళాల తాజా పేడలోనే అవి పెరుగుతాయి. కుప్పకు నల్ల పట్టా కప్పి అంచుల మీద మట్టి వేస్తే, ఎండకు పై పొర కూడా కాగిపోతుంది. అంచు ఒక చోట లేచి ఉన్నా ఈగలు అక్కడినుంచే దూరతాయి. పట్టా లేకపోతే పేడను పలుచగా పరిచి ఎండబెట్టండి. ఎండిన పేడలో ఈగ గుడ్డు బతకదు. పిడకల దగ్గర ఈగలు తక్కువగా ఉండడం అందుకే.

ఇప్పుడు ఈగను దగ్గరగా చూద్దాం. ఒక పళ్ళెంలో పంచదార పలుకు పెట్టి, దానిమీద వాలిన ఈగపై గాజు గ్లాసు బోర్లించండి. వాలగానే ముందు కాళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంటుంది. దాని రుచి తెలిసేది కాళ్ళతోనే, వాటిని తుడుచుకోకపోతే రుచి అందదు. తర్వాత మూతి కింద నుంచి స్పాంజి లాంటి తొండం దించుతుంది. కొరకడానికి దానికి పళ్ళు లేవు కాబట్టి పలుకు మీద ఉమ్మి, కరిగించి, పీల్చుకుంటుంది. ఆ ఉమ్ములో అంతకు ముందు పేడ మీదో మలం మీదో పీల్చినది కూడా ఉంటుంది. టైఫాయిడ్, విరేచనాలు, రక్తవిరేచనాలు ఈ దారిన వచ్చేది అందుకే. చూడ్డం అయ్యాక గ్లాసూ పళ్ళెమూ సబ్బుతో కడగండి, చేతులు కూడా.

రాత్రి ఈగలు ఎక్కడ పడుకుంటాయో చూశారా? సీలింగు మూలల్లో, బల్బు తీగల మీద, వేలాడే తాళ్ళ మీద. తీగ మీద నల్లటి, పసుపు రంగు చుక్కలు కనబడితే అది వాటి పడక. ఈగల జిగురు కాగితం అక్కడే కట్టండి, కిటికీ పక్కన గాలి తగిలే చోట కాదు. ఇక కొట్టే బ్యాటుకు చిల్లులు ఉండాలి. చిల్లుల్లోంచి గాలి వెళ్ళిపోతే ఈగకు తోపు తగలదు. చేత్తో కొడితే గాలి ముందే వెళ్ళి చెప్పేస్తుంది. భోజనాల వేళ చిన్న టేబుల్ ఫ్యాను పెడితే చాలు, ఆ గాలికి ఈగ నిలవలేదు. దుకాణాల గుమ్మాలకు వేలాడదీసే నీళ్ళ సంచులను మాత్రం నమ్ముకోవద్దు.

బోను చేయాలంటే లీటరు ప్లాస్టిక్ సీసా పైభాగం మూడో వంతు కోసి, మూత తీసి, తలకిందులుగా మిగతా సీసాలో దించండి. అంచు చుట్టూ టేపు వేయండి. లోపల ఒక గ్లాసు నీళ్ళు, పెద్ద నిమ్మకాయంత బెల్లం, చేప కడిగిన నీళ్ళు నాలుగు చెంచాలు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక చుక్క. సబ్బు వల్ల నీటి పైపొర పట్టు వదులుతుంది, ఈగ తేలకుండా మునిగిపోతుంది. నీటికీ మూతికీ రెండంగుళాల ఎడం ఉండాలి. దీన్ని గుమ్మం దగ్గర పెడితే ఊళ్ళోని ఈగలన్నిటినీ ఇంటికి పిలిచినట్టే, ఆరేడు గజాల దూరంలో పెట్టండి. నాలుగు రోజులకు మించి ఉంచితే బోనులోనే పురుగులు పెరుగుతాయి. చేప నీళ్ళు వేయని శాకాహారుల ఇళ్ళలో బెల్లం నీళ్ళు రెండు రోజులు పులియనిచ్చి వాడండి. కాస్త తక్కువగా పట్టినా ఫరవాలేదు.

అయితే చిన్నగా ఎగిరేవన్నీ ఈగ పిల్లలు కావు. ఈగ ప్యూపాలోంచి వచ్చేటప్పటికే పూర్తి పరిమాణంలో ఉంటుంది, తర్వాత పెరగదు. అరటిపళ్ళ చుట్టూ తిరిగే ఎర్ర కళ్ళ చిన్న ఈగలు పళ్ళ ఈగలు. పళ్ళు తెచ్చిన రోజే కడిగి ఆరబెట్టండి, మగ్గినవి తీసేయండి, ఒక చిన్న గిన్నెలో వెనిగరు, ఒక చుక్క సబ్బు వేసి పెట్టండి. స్నానాల గది గోడ మీద బూడిద రంగులో, రెక్కలు చిన్న హృదయంలా మడిచి కూర్చునేవి తూము ఈగలు. అవి పైపు లోపలి జిగటలో పుడతాయి. నమ్మకం కుదరకపోతే రాత్రి పడుకునే ముందు తూముపై టేపు జిగురు వైపు కిందికి పెట్టి, కొంచెం సందు ఉంచి అంటించండి. పొద్దున టేపుకు అంటుకుని ఉంటే చోటు దొరికినట్టే. మరిగే నీళ్ళు పోస్తే సరిపోదు, పొడవు బ్రష్షుతో జిగట గీకాలి. రెండు వారాల పాటు రోజూ గీకండి, లోపలున్న పురుగులు పెద్దవై రావడానికి సుమారు అంత సమయం పడుతుంది.

బొద్దింకలకు తిండి కంటే నీళ్ళు ముఖ్యం. రాత్రి సింకు తుడిచి, తడి గుడ్డ పిండి ఆరేస్తే సగం పని అయినట్టే. ఒక చెంచా బోరిక్ యాసిడ్ పొడి, మూడు చెంచాల గోధుమపిండి, ఒక చెంచా పంచదార కొద్ది నీళ్ళతో ముద్ద చేసి శనగగింజంత ఉండలు ఫ్రిజ్ వెనక పెట్టాలి. ఇది పెద్దవాళ్ళే చేయాలి. ఉండలు మీ చేతికి గానీ, పాకే చెల్లెలికి గానీ, పెంపుడు కుక్కకు గానీ అందకూడదు. వాటి దగ్గర స్ప్రే కొట్టకండి, ఆ వాసనకు బొద్దింకలు ఉండల దగ్గరకు రావు. చీమల చాక్‌పీస్ కూడా విషమే. దానితో గీతలు గీసి ఆడుకోవద్దు.

చీమలకు బారు తుడిచేస్తే చాలు. అవి వాసన వెంట నడుస్తాయి, సబ్బు నీళ్ళ గుడ్డతో మూల దాకా తుడవండి. అల్మారా కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెడుతుంటారు కదా, ఆ నీళ్ళు ఆరేడు రోజులకు దోమల పుట్టిల్లు అవుతాయి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచుకు పైన గోడకు అంటి, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. అందుకే వారానికోసారి నీళ్ళు పారబోసి, కొబ్బరి పీచుతో అంచు రుద్దండి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. దోమను ఎక్కడ ఆపాలో వెతకడం మన నేల మీద అప్పుడే మొదలైంది.

బియ్యంలో ముక్కపురుగు పడితే గింజలోనే గుడ్డు ఉంటుంది, అందుకే జల్లెడ పట్టినా మళ్ళీ వస్తుంది. బియ్యాన్ని మండే ఎండలో పోస్తే గింజ విరిగి నూక అవుతుంది, నీడలో గాలికి ఆరబెట్టండి. రవ్వ, శనగపిండి లాంటివి కవరులో కట్టి డీప్ ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచితే గుడ్లు కూడా చస్తాయి. ధాన్యం గోదాముల్లో వాడే సల్ఫాస్ మాత్రలు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. తేమ తగలగానే వాటినుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో అది మనిషి ప్రాణం తీస్తుంది. ఎవరైనా తెస్తే మీరు ముట్టుకోకుండా పెద్దలకు చెప్పండి.

రేపు పొద్దున బకెట్ అడుగు చూడండి. కనబడినదేదో నాకు రాయండి.

మీ తాతయ్య