రెండు రాగి తీగలు

చిన్నీ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో నన్ను నిచ్చెన మీద చూసి “తాతయ్యా, ఆ వైరుతో ఏం చేస్తున్నావు?” అని అడిగారు. చేతిలో కటింగ్ ప్లేయర్ ఉండి అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి మన సింగ్‌నగర్ ఇంట్లోకి నీళ్లొచ్చాయి కదా. హాల్లో గోడకి అడుగెత్తున ఉన్న ఫోను డబ్బా, దాన్నే రోజెట్ అంటారు, కొన్ని రోజులు నీళ్లలోనే ఉండిపోయింది. తర్వాత ఫోను పలికింది గాని మాటల వెనక గరగర మొదలైంది. ఈమధ్య అది మరీ ఎక్కువై నానమ్మకు మీ మాటలు సగమే వినబడుతున్నాయి. డబ్బా విప్పి చూస్తే రాగి తీగకి పచ్చగా చిలుము పట్టి ఉంది. అందుకే లైనును పక్కగోడ మీదుగా తిప్పి మేడ మీది గదిలోకి తీసుకెళ్లాను.

ఫోను లైను అంటే రెండు తీగలే. రిసీవరు పెట్టేసి ఉన్నప్పుడు వాటి మధ్య 48 వోల్టులు ఉంటాయి. ఎత్తగానే రెండు తీగలూ ఫోను లోపల కలిసి దారి పూర్తవుతుంది, కరెంటు పారుతుంది. దాన్నిబట్టే ఎక్స్ఛేంజికి, అంటే ఊళ్లో ఫోను లైన్లన్నీ కలిసే చోటికి, మనం ఫోను ఎత్తామని తెలుస్తుంది. ఆ 48 వోల్టులు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి వస్తాయి కాబట్టే ఇంట్లో కరెంటు పోయినా పాత వైరు ఫోను మోగుతుంది. ఆ బ్యాటరీల ప్లస్‌ను భూమికి కలుపుతారు. అప్పుడు మన తీగ మట్టి కంటే మైనస్‌లో ఉంటుంది, తేమ తగిలినా రాగి తొందరగా కరిగిపోదు. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు ఎంత ముచ్చటేసిందో!

48 వోల్టులే కదా అని తీగల్ని చేత్తో పట్టుకోకండి. ఫోను మోగేటప్పుడు అదే తీగల్లో సుమారు 75 వోల్టుల ఏసీ కరెంటు వస్తుంది, చెయ్యి జిల్లుమంటుంది. ముందు లైను ఊడదీయాలి. ఉరుములు ఉరిమే రోజున ఆ పని జోలికే వెళ్లకూడదు.

అతుకు విషయానికొస్తాను. తీగ తొక్క అంగుళం మేర తీసి, రాగి మెరిసేదాకా గీకాలి. రెండు కొసల్నీ ఇంటూ గుర్తులా పెట్టి, ఒకదాని మీద ఒకటి అయిదారు చుట్లు బిగించి తిప్పాలి. ఊరికే జడలా అల్లి టేపు చుట్టేస్తే నాలుగు నెలలు పనిచేస్తుంది, వాన పడగానే గరగర. రేడియోలు బాగుచేసిన అలవాటుకొద్దీ నేను ఇంటి లోపలి అతుకులకు సోల్డరింగ్ పెడతాను. బయట అతుకులకు మాత్రం లైన్‌మ్యాన్లు వాడే జెల్లీ కనెక్టరే మేలు. తొక్క తీయకుండా తీగలు దూర్చి నొక్కితే చాలు, లోపలి జెల్లీ తేమను రానివ్వదు.

రెండు తీగల అతుకులూ పక్కపక్కన రాకూడదు. ఒకటి ఇక్కడుంటే రెండోది రెండంగుళాల అవతల ఉండాలి. టేపు వదులై అవి ఒకదానికొకటి తగిలాయంటే, ఎవరో రిసీవరు ఎత్తారనే ఎక్స్ఛేంజి అనుకుంటుంది. ఇక మన ఫోను మోగదు, చేసినవాళ్లకి ఎంగేజ్ అని వినిపిస్తుంది.

ఆ రెండు తీగలూ ఒకదాన్నొకటి మెలితిరిగి ఎందుకుంటాయో తెలుసా? పక్కనున్న కరెంటు వైరు నుంచి వచ్చే గుయ్‌మనే రొద రెండిటి మీదా సమానంగా పడి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గ్రాహం బెల్ దీనికి 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. అందుకే అతుకు దాకా ఆ మెలి విప్పను. కరెంటు పైపులో ఫోను వైరు వేయనే వేయను. కరెంటు వైరును దాటక తప్పనిచోట అడ్డంగా దాటిస్తాను.

గోడకి కన్నం లోపల్నుంచి బయటికి వాలుగా వేశాను. దాని ముందు వైరును కాస్త కిందికి వేలాడదీశాను, వాన నీళ్లు అక్కడే చుక్కలుగా రాలిపోతాయి. కొత్త దారిలో డయల్ టోన్ విన్నాకే పాత వైరు కోశాను. ఆ పాత ముక్కను లైనుకే వేలాడనివ్వకుండా పూర్తిగా తీసేశాను. ఉంచితే బ్రాడ్‌బ్యాండ్ సిగ్నల్ అందులోకి వెళ్లి, చివర తగిలి వెనక్కొస్తుంది, నెట్ నెమ్మదిస్తుంది.

చాలా ఏళ్ల కిందట నేనే ఒక అతుకును గోడలో పెట్టి సిమెంటు పూసేశాను. అది పాడైనప్పుడు గోడంతా తవ్వాల్సి వచ్చింది, నానమ్మ వారం రోజులు దుమ్ములో వంట చేసింది. ఈసారి అతుకులన్నీ చెయ్యి అందే డబ్బాల్లోనే ఉన్నాయి. మూత మీద తేదీ కూడా రాశాను.

మిగిలిన వైరు రెండు మీటర్లు దాచాను. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ చేత అతుకులు వేయిస్తాను.

మీ తాతయ్య