గ్రానైట్‌లో లోతు పెంచితే నీళ్ళు పడతాయా?

బోరు పాయింట్లు చూడ్డానికి ఏ ఊరు వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే: "సార్, ఎన్ని అడుగులకు పడతాయి?" కింద ఏ రాయి ఉందని మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: ఎంత లోతుకు పోతే అన్ని నీళ్ళు.

నల్లగొండ వైపు ఒక రైతు పొలంలో రెండు బోర్లు ఫెయిలయ్యాయి. నేను వెళ్ళేసరికి మూడోది 850 అడుగులు దాటింది. రిగ్ (బోరు వేసే బండి) నుంచి దుమ్ము తప్ప ఏమీ రావట్లేదు. "ఇంకో వంద కొట్టిస్త సార్. సత్తుపల్లి కాడ మా బామ్మర్దికి ఆరొందలకే పడ్డయి" అన్నాడు. ఆ దుమ్ము గుప్పెట్లోకి తీసుకున్నాను. చెమ్మ లేదు. గులాబీ రంగు పలుకులు, మధ్యలో అభ్రకం తళుకు. పగులు జాడే లేని గ్రానైట్. గట్టు మీద కూర్చున్న ఆయన భార్య "ఇప్పటికి ఎంతయింది?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

వాస్తవం: బామ్మర్ది పొలం కింద ఉన్నది ఇసుకరాయి. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు దొరికే పట్టీ అంతా అవక్షేప శిలే. నదులు తెచ్చిన ఇసుక పొరలుగా పేరుకుని గట్టిపడింది. రేణువుల సందుల్లో నీళ్ళుంటాయి కాబట్టి అలాంటి పొర ఎంత మందంగా తగిలితే అంత లాభం. గ్రానైట్ అగ్నిశిల. దాదాపు 250 కోట్ల ఏళ్ళ కిందట శిలాద్రవం భూమి లోపలే నెమ్మదిగా చల్లారి, స్ఫటికాలు ఒకదాన్నొకటి బిగించుకుని తయారైంది. అందులో ఖాళీ 1 శాతం కూడా ఉండదు. నీళ్ళుండేది పైనున్న మొరంలో, అంటే రాయి చివికి వదులైన పొరలో, దాని కింది పగుళ్ళలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, ఉన్నవీ పైబరువుకు బిగుసుకుంటాయి. పనికొచ్చే గ్యాపులు, అంటే నీళ్ళిచ్చే పగుళ్ళు, చాలావరకు 300 అడుగుల లోపే. అంతకన్నా కింద నీళ్ళు పడ్డ బోర్లు నేనూ చూశాను, కానీ అవి అరుదు. పైగా లోతు పెరిగితే అడుగు రేటూ పెరుగుతుంది. అప్పు తెచ్చి ఆడే పందెం కాదిది!

నా సంచీలో రెండు రాళ్ళెప్పుడూ ఉంటాయి. గట్టు మీద పెట్టి చెరో చుక్క నీళ్ళు వేశాను. ఇసుకరాయి పీల్చేసుకుంది. గ్రానైట్ మీద చుక్క జారిపోయింది. ఆయన కాసేపు చూసి రిగ్ ఆపమన్నాడు.

అపోహ: అరచేతిలో కొబ్బరికాయ నిలబడితే కింద జల ఉన్నట్టే. లేదు. నమ్మినవాళ్ళ మీద నాకు కోపం లేదు, అప్పు చేసి బోరు వేసేవాడికి ఏదో ఒక ధైర్యం కావాలి. ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్ళ మీదే కోపం.

అపోహ: అవక్షేప శిలైతే నీళ్ళు గ్యారంటీ. కాదు. బంకమన్ను గట్టిపడిన షేల్ నీళ్ళు వదలదు. సున్నపురాయిలో పగుళ్ళో, బెలుం గుహల్లాంటి కరిగిన సందులో తగిలితేనే పడతాయి.

అపోహ: కడప బండ నల్ల గ్రానైట్. అది సున్నపురాయి. వంటగదిలో వేస్తే నిమ్మరసానికి మెరుపు పోతుంది.

నల్లగొండ పొలంలో పాత బావి మూల రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి కింది పొరలను అంచనా వేయడం) చేస్తే మొరం 60 అడుగుల దాకా కనిపించింది. అక్కడ 220 అడుగుల బోరుకు ఇంచు నీళ్ళు పడ్డాయి. ఆ ధార వరికి చాలదని వరి మానేసి కూరగాయలు పెట్టాడు.

మీ పొలానికి రిగ్ వస్తే దగ్గరే నిలబడండి. మొరం ఎక్కడ ఆగింది, కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) ఎంత దిగింది, గ్యాప్ ఎన్ని అడుగులకు తగిలింది, నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్క పొలం వాళ్ళ లెక్క కూడా అడిగి రాయండి. నేను వచ్చినప్పుడు ముందు ఆ కాగితమే చూస్తాను.