అక్షరం కంటికి నేర్పేది చెయ్యే

ఏడాదిన్నర పిల్లాడికి క్రేయాన్ ఇస్తే పిడికిట్లో బిగించి పట్టుకుంటాడు. కాగితం మీద పిచ్చిగీతలు పడుతుంటాయి గానీ అప్పుడు కదిలేది వేళ్లు కాదు, భుజం. పెరిగేకొద్దీ ఆ కదలిక మోచేతికి, మణికట్టుకు, ఆఖరికి వేళ్లకు దిగుతుంది. పెన్సిల్‌ను మూడు వేళ్ల మధ్య ఆడించే పట్టు చాలామందికి ఐదారేళ్లకు గానీ కుదరదు. పుట్టినప్పుడు మణికట్టును ఎక్స్‌రే తీస్తే అందులోని 8 ఎముకల్లో సాధారణంగా ఒక్కటీ కనపడదు. అప్పటికి అదంతా మృదులాస్థే, అంటే ఇంకా గట్టిపడని మెత్తటి ఎముకే.

చూసి గీయడంలోనూ ఒక వరస ఉంది. సుమారు మూడేళ్లకు సున్నా, నాలుగేళ్లకు ప్లస్ గుర్తు, ఐదేళ్లకు త్రిభుజం వస్తాయి. త్రిభుజం ఏమిటో అంతకుముందే తెలుసు. ఏటవాలు గీత గీయాలంటే చెయ్యి కిందికీ పక్కకీ ఒకేసారి జరగాలి, చిక్కంతా అక్కడే.

ఇక తల్లిదండ్రులకు అసలు టెన్షన్ పెట్టేది అద్దంలో చూసినట్టు తిరగబడే అక్షరాలు. కప్పు పిడి ఎడమవైపున్నా కుడివైపున్నా అది కప్పే కదా. వస్తువు ఎటు తిరిగినా గుర్తుపట్టడం మెదడుకున్న పాత విద్య. ఇంగ్లీషు చిన్న బి, చిన్న డి దగ్గరికొచ్చేసరికి ఆ విద్యే అడ్డం పడుతుంది. చదవడం నేర్చుకోవాలంటే దాన్ని కొంత మరిచిపోవాల్సిందే అంటాడు ఫ్రెంచి నాడీశాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్.

తమాషా ఏమిటంటే, ఈ తిరగబడటం అడ్డదిడ్డంగా జరగదు. జె, జెడ్, 3 లాంటివి ఎక్కువగా తిరగబడతాయి, ఇ, కె లాంటివి తక్కువ. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో దిశ ఉన్నవి చాలావరకు కుడివైపుకే చూస్తాయి. ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఆ సూత్రం పట్టేసి, ఎడమకు చూసేవాటికీ అంటగడతారు. అంటే పొరపాటులోనూ లెక్క ఉందన్నమాట! ఆరేడేళ్ల దాకా ఇది మామూలే, ఇదొక్కటే చూసి డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) అనుకోకూడదు.

2012లో అమెరికాలో కరీన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లల చేత కొన్ని అక్షరాలు రాయించారు, కొన్ని దిద్దించారు, కొన్ని టైపు చేయించారు. తర్వాత ఎమ్మారై స్కానర్‌లో ఆ అక్షరాలే చూపించారు. చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు ముఖ్యంగా సొంతంగా రాసిన అక్షరాలకే స్పందించాయి. చిన్న అధ్యయనమే, కానీ దానికి వాళ్లు చెప్పిన కారణం నాకు నచ్చింది. పిల్లలు రాసిన ప్రతిసారీ అక్షరం ఒక్కో రకంగా వస్తుంది: ఒకసారి పొట్ట ఎక్కువ, ఒకసారి తోక తక్కువ. ఇన్ని వంకరల్లో మారనిది ఏదో, మెదడు దాన్నే అక్షరంగా పట్టుకుంటుంది. దిద్దితే అచ్చు ఎప్పుడూ ఒకటే.

అలాగని చుక్కల అక్షరాల పుస్తకాలు పారేయక్కర్లేదు, చేతికి దారి తెలియడానికి అవీ పనికొస్తాయి. రెండుసార్లు దిద్దించాక పేజీ మూసేసి, ఖాళీ కాగితం ఇచ్చి చూడండి.