గుండ్లకమ్మకు ముందు పదిహేను నెలలు

మారుమనస్సు పొందానన్న మనిషికి ఆ రోజే బాప్తిస్మం ఇచ్చేయాలా, కొన్నాళ్లు నడవడిక చూసి ఇవ్వాలా? ఒంగోలు, కందుకూరు వైపు సంఘాల్లో ఈ పేచీ మళ్లీ లేచింది. రెండు వర్గాలూ చూపించే సాక్ష్యం మాత్రం ఒక్కటే: 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం.

తెలుగునాట మొదట పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు డే, జ్యూయెట్ దొరల సంగతి, ఒంగోలు కొండమీది ప్రార్థన సంగతి సండేస్కూలు పిల్లలకూ తెలుసు. ఈ గొడవకు అసలు పనికొచ్చేది ఆ జూలైకి ముందు జరిగింది.

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలికి వచ్చింది ఎక్కువగా మాదిగపల్లెల జనం. పని చూసుకునే మేస్త్రీలు బోధకులే కాబట్టి, తట్టలు దించిన వేళల్లో వాక్యం చెవిన పడేది. బాప్తిస్మం ఇమ్మని చాలామంది అడిగారు. క్లౌ ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు అలాగే ఆపాడు. చేతిలో కూలి పడుతున్నంతకాలం కూటికి వచ్చినవాడెవడో, దేవుడికోసం వచ్చినవాడెవడో తేలదు కదా. చివరికి డబ్బుల్లేవు, ఇళ్లకు వెళ్లండి అంటే, సాయం అక్కర్లేదు, బాప్తిస్మమే కావాలని పట్టుబట్టారు. అప్పుడు కూడా ఏ పల్లెవాళ్లను ఆ పల్లె ఎరిగిన బోధకుడే ముందు విచారించాడు. ఆ రోజు నీళ్లలో ముంచింది క్లౌ కాదు, ఆరుగురు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులు మారుతూ.

ఆగమనేవాళ్లు ఇంకో మాట కూడా గుర్తుచేస్తారు. కరువుకు ముందునుంచీ సంఘంలో మూడు కట్టుబాట్లు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ జాతరలో డప్పు కొట్టనన్న మాదిగమీద ఊరి పెద్దలు విరుచుకుపడ్డారు, పని మాన్పించారు, దెబ్బలూ కొట్టారు. అక్కడ మారుమనస్సు ఊరంతటికీ కనబడేది. సాక్ష్యం చెప్పమని మైకు చేతికి ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

వెంటనే ఇవ్వాలనేవాళ్ల వాదన: బైబిల్లో పెంతెకొస్తు పండుగనాడు మూడువేల మంది బాప్తిస్మానికి ఆగలేదు; రక్షణ విశ్వాసంవల్లే; ఆపితే క్రియలను షరతు పెట్టినట్టే. అయితే ఆ మూడువేల మందీ లేఖనాలు ముందే ఎరిగినవాళ్లు.

ముంచిన తరవాత తరగతులు పెడతాం, ఆత్మీయ ఎదుగుదల అప్పుడు చూసుకుంటాం అని కూడా వీళ్లు అంటున్నారు. బోధకుల తర్ఫీదుకు రామాయపట్నంలో 1872లోనే సెమినరీ పెట్టారు. అయినా 1878 తరవాత పల్లెపల్లెకూ కాపరి దొరకలేదు. కూటాల్లో ముంచి పంపేస్తున్నవాళ్లు ఏ సంఘంలో కూర్చుంటారో, వాళ్లకు ఎవరు నేర్పుతారో ఆ వర్గం ఇంకా చెప్పలేదు.